గడపకి పసుపు ఎవరు రాసేరు

హలో… ఆ, శ్రీలక్ష్మినండి అన్నయ్యగారూ, మత్రా నుంచి. నిన్న మీరొచ్చి తలుపు బిగించేరు చూడండి, ఆ పాతింట్లో పనిచేసే—

ఏంటండీ? ఏం వినపడట్లేదు. ఆ మిషన్ ఆపమనండి ముందు.

మీ అల్ హైల్ వడ్రంగి షెడ్డుకి ఎప్పుడు ఫోన్ చేసినా ఇదే మోత. మీకు చెవులెలా ఉన్నాయో గాని…

ఆ. ఇప్పుడు బాగుంది.

నేను బాగానే ఉన్నానండి. మీరు భోంచేసేరా?… ఏం కూర?… మళ్ళీ పప్పేనా. సరే గాని దేవయ్య అన్నయ్యా, ఒక మాట అడుగుతాను, దాచకుండా చెప్పాలి. మీ చెయ్యి ఎలా ఉంది?

చెయ్యండీ, చెయ్యి. నిన్న తెగిందన్నారు కదా. వంటింటి దగ్గరకొచ్చి, చెల్లే, చెయ్యి తెగింది, ఇంత పసుపివ్వు అన్నారు. అయ్యో పాపం రక్తం కారిపోతోందేమో అని డబ్బా అంతా మీ చేతిలో పెట్టేసేను.

…ఏ చెయ్యండీ తెగింది?

కుడి చెయ్యా. మరి సాయంత్రం టీ గ్లాసు కుడి చేత్తోనే పట్టుకున్నారు కదా. కట్టు లేదు, గాటు లేదు.

…ఓహో, ఎడమ చెయ్యా.

అన్నయ్యగారూ, మనిషికి ఉన్నవి రెండే చేతులు. నిదానంగా ఆలోచించుకుని చెప్పండి.

…

కాదండీ, పసుపు కోసం కొట్లాటకి ఫోన్ చెయ్యలేదు. మా అక్క అమలాపురం నుంచి ఈ అరబ్బు దేశం దాకా పంపిన పసుపు, పోతే పోయింది. అయినా మీది మెట్‌పల్లి కదా, ఊరంతా పసుపు చేలే అని గొప్పలు పోతారు. నా డబ్బా మీద పడ్డారేంటండీ… సర్లెండి, ఆ సంగతి తర్వాత. ఇక్కడ పెద్ద గొడవైపోయింది.

నాదియా మేడం వచ్చిందండి. పాత ఇళ్ళ ఆఫీసు మేడం… ఆ, ఆవిడే. అల్యూమినియం కిటికీలు కుదరవు, పాత టేకు కిటికీ ఎలా ఉండేదో అలాగే ఉండాలి, ఊచ కూడా సన్నం కాకూడదు అని మీచేత మళ్ళీ చేయించింది చూడండి, ఆవిడ.

కిటికీలు చూసింది. రెక్కలు తీసి, వేసి, తడిమి చూసింది. బాగున్నాయందండి. తలుపు చూసింది. అదీ బాగుందంది… మురిసిపోకండి, ఇంకా అవలేదు. తలుపు దగ్గరే కింద కూర్చుంది. గడప మీదకి టార్చి వేసింది.

…ఏంటి, దగ్గొచ్చిందా?

తలుపూ ద్వారబంధం కొత్తవే గాని, గడప ఒక్కటీ పాత చెక్కే కదండి. గట్టిగా ఉంది, మార్చొద్దు, ఎత్తి శుభ్రం చేసి మళ్ళీ అదే కూచోబెట్టండి అని ఆవిడే చెప్పింది కదా. ఆ గడపకి పొడుగూతా పసుపు. మధ్యమధ్యలో ఎర్ర చుక్కలు.

తుడిచేసేరా? తుడిచేరండి, నిజమే. పైది పోయింది. చెక్క గీతల్లోకి దిగినది ఎక్కడికి పోద్ది? నేనూ చూడలేదు, తలుపు వేసుంటే అక్కడ పట్టపగలే చీకటి కదా. టార్చి వేసేసరికి పెళ్ళికూతురి పాదంలాగ కనపడింది.

ఆవిడేమందో తెలుసా? ఇది పాతకాలం రంగంట. మీరు మురికి కడిగితే అడుగునుంచి బయటపడిందంట. ఈ సందులో ఏ ఇంటికీ ఇలాంటిది లేదంట. ఆవిడ మొహం చూడాలండీ అప్పుడు, ఎప్పుడో పోయిన ఉంగరం దొరికినట్టు వెలిగిపోయింది.

నవ్వకండి. నాకూ నవ్వొచ్చింది, గొంతులోనే మింగేను. తర్వాత సంగతి వినండి. గుమ్మానికి అడ్డంగా రిబ్బను కట్టేసింది. గడప ఎవరూ తొక్కకూడదంట. ఈ ఇంట్లో గడప ఎవరు తొక్కుతారండీ, పెద్దావిడ తొక్కనిస్తేగా. నేనొచ్చిన కొత్తలో ఆశ్చర్యపోయేను, అబ్బ, ఇక్కడా మనింట్లాగే ఉందే అని… ఆ, రిబ్బను కట్టి, ఆ పసుపు కాస్త గీకి చిన్న డబ్బీలో పెట్టింది. పరీక్షకి పంపుద్దంట. అది తేలేదాకా, పని అయింది ఇంక కాపురం ఉండొచ్చు అని ఇంటికి సంతకం పెట్టదంట.

అదేనండీ గొడవ. ఇప్పుడర్థమైందా?

పెద్దావిడ ఇవాళే వస్తోందండి. ఈ ఇంటి ముసలమ్మగారు. మీరు చూడలేదు, పని మొదలెట్టకముందే కొడుకొచ్చి తీసుకెళ్ళిపోయేడు. మీ అల్ హైల్లోనే ఉంది, ఆయన ఫ్లాటులో. అక్కడ కిటికీ తీస్తే ఎదర ఇంకో బిల్డింగు గోడంట. రోజూ ఫోనే. శ్రీలక్ష్మీ, కిటికీలు పెట్టేరా. శ్రీలక్ష్మీ, తలుపొచ్చిందా. ఒకరోజైతే, సముద్రం ఉందా అని అడిగిందండి. ఉందమ్మా, నీకోసమే ఉంది అన్నాను.

ఆ కొడుకు ఏమన్నాడంటే, ఇవాళ సంతకం అయిపోతే సరే, లేకపోతే ఈ ఆఫీసుల చుట్టూ ఇంక తిరగలేను, అమ్మ నా దగ్గరే ఉంటాది, ఇల్లు తాళం వేసేస్తాను అన్నాడు. రేపట్నుంచి ఆఫీసు సెలవు. పైన పరీక్షలంటే ఎన్నాళ్ళు పడుద్దో. ఆవిడ వయసుకి, ఇవాళ గుమ్మం దాకా వచ్చి వెనక్కెళ్తే, మళ్ళీ ఎప్పుడొస్తాదండి?

…నా సంగతా? తాళం వేసిన ఇంటికి పనిమనిషి ఎందుకండీ. పెట్టె సర్దుకోవడమే. అది కాదు నా బాధ. ఆవిడని చూస్తే… ఏమోనండి, నాకు మనసొప్పట్లేదు.

అందుకే అడుగుతున్నాను. ఆ పసుపు రాసింది మీరే కదా?

…

హమ్మయ్య. ఆ ఒక్క ముక్క ముందే అంటే సరిపోయేది.

వీసా పోద్దనా భయం? …అవునండి, నాకూ ఉంది ఆ భయం. ముస్లిముల ఇంటి గడపకి మన పూజ చేసి వచ్చేడని మీ కంపెనీలో తెలిస్తే ఏమంటారో. నేను కాదనట్లేదు. పోనీ, నేనే రాసేనని చెప్పేస్తానండి. ఆడమనిషిని, అలవాటు కొద్దీ చేసేనంటే—

ఎందుకండీ వద్దు? …తప్పు మీద వేసుకుంటే ఏం, మీరు నాకు పరాయోళ్ళా? …సరేలెండి, అరవకండి. వేసుకోను.

కాని ఎందుకు చేసేరండీ అసలు? మీ ఊళ్ళో పసుపు రాయందే గడప కూచోబెట్టరని తెలుసు. మా కోనసీమలోనూ అంతే. ఆ పనికి ముహూర్తం, ముత్తైదువలు, ఆ హడావుడంతా. కాని ఇక్కడ ఇన్నేళ్ళబట్టి ఎన్ని తలుపులు బిగించుంటారు మీరు? అన్నిటికీ రాసేరా?… రాయలేదు కదా. మరి దీనికే ఎందుకు?

…ఏంటి?

…మళ్ళీ చెప్పండి.

గడప కిందా?

ఉండండి, ఉండండి. గడప ఎత్తేరు. కింద రాతికి చిన్న గుంట చెక్కుంది. గుంటలో… గుడ్డ ముడి. పసుపు గుడ్డ. ఇంకా పచ్చగానే ఉందా?… వెలుగు తగల్లేదు కదండీ మరి. ముడి విప్పేరా?… విప్పలేదు. మంచి పని చేసేరు. ఆ. చిరుగులోంచి కనపడింది. రాగి బిళ్ళ.

అమ్మ బాబోయ్.

అంటే ఈ గడప మొదట కూచోబెట్టినాయన మన వైపాయనేనండి. మన వడ్రంగే అయ్యుంటాడు, లేకపోతే గుజరాతాయనో… ఎవరైతేనేం. ఓడెక్కి వచ్చుంటాడు టేకు చెక్కతో పాటు. వచ్చి, ఈ రాయి తొలిచి, ఎవరికీ చెప్పకుండా ముడి పెట్టి, పైన గడప వేసేసి…

మీరేం చేసేరు?… ఎక్కడిదక్కడే పెట్టేరు. ఎవరికీ చెప్పలేదు.

ఆ మాట ఇంకోసారి అనండి. …ఉన్నది ఉన్నట్టు పెట్టాలె అని మేడమే చెప్పింది. కింద ముడి ఉన్నట్టు పెట్టిన. పైన పసుపు కూడా ఉండే ఉంటది, అరిగిపోయింది, అందుకే మళ్ళ రాసిన. అంతేనా?

నవ్వట్లేదండి. అక్షరాలా ఆవిడ చెప్పిన పనే చేసేరు మీరు. కాకపోతే ఆవిడ చెప్పనిది కూడా చేసేరు.

…వద్దండీ, ఇప్పుడు టాక్సీ ఎక్కి మీరొచ్చేసరికి పొద్దుపోద్ది. నాదియా మేడం మేడ దిగుతోంది. నేను స్పీకర్లో పెడతాను, మీకొచ్చిన హిందీలో ఇదే చెప్పండి. గుంట, ముడి, పసుపు, అన్నీ. …భయపడకండి, నేనిక్కడే ఉన్నాను. చెయ్యి తెగిందని మాత్రం అనకండి.

మేడం… మేడం, జరా సునియే. దేవయ్య. హా, కార్పెంటర్. బాత్ కరో మేడం.

చెప్పండి అన్నయ్యా.

…

…మెల్లిగా. ఆవిడకి అందట్లేదు.

…

అయిపోయిందా. ఉండండి, స్పీకరు తీసేసేను… ఏమందంటే ఏం చెప్పను. డబ్బీ వైపు చూస్తోంది. నా వైపు చూస్తోంది. ఆ ఎర్ర చుక్కల సంగతేంటని అడుగుతోంది. అవును, అదెక్కడిదండీ? నేను మీకు కుంకం ఇవ్వలేదే.

…సున్నమా. గోడలకి తెచ్చిన సున్నంలో నా పసుపు కలిపేసేరా. భలేవారండి మీరు. ఇంతకీ నా డబ్బా ఎక్కడ పారేసేరు?… సున్నం బస్తా వెనకాల. ఆగండి.

ఆ, దొరికింది. అడుగు కనపడిపోతోంది అన్నయ్యగారూ. ఇదేనా చిటికెడు?

మేడం, దేఖో. యే హల్దీ… యే చూనా… ఇలా కలిపితే… ఆ.

ఎర్రగా తిరిగిందండి ఆవిడ కళ్ళ ముందే. నవ్వేసింది. పడీ పడీ నవ్వుతోంది. వాళ్ళ నానమ్మ కూడా బాలింతలకి ఒంటికి పసుపు రాసేదంట, అయినా నాకు తట్టలేదే అంటోంది… మంచి పిల్లేనండి. ఇప్పుడు పాపం ఆ డబ్బీ మూత తీసి వాసన చూసి, మొహం చిన్నబుచ్చుకుంది. పెద్ద రంగు దొరికిందనుకుంది కదా.

ఊరుకోండి, రిబ్బను విప్పుతోంది. అయిపోయినట్టే—

ఆగేరేంటి మేడం?

…అన్నయ్యా, ఇప్పుడు ఆ ముడి చూడాలంటోంది. గడప మళ్ళీ ఎత్తించాలంట. అది తీసి ఆఫీసులో పెట్టాలంట, అంత పాతది దొరికితే అదే పద్ధతంట. …నాకూ అదే భయమండి. ఎత్తితే ఇవాళ అవదు కదా. మళ్ళీ మొదటికొచ్చింది. అరె, చెప్పి తప్పు చేసేమేమో.

అయ్యో.

పెద్దావిడ వచ్చేసిందండి. కారు సందులోకి రాదు కదా, కర్ర పట్టుకుని నడిచొస్తోంది. వెనకాల కొడుకు సంచి మోసుకుని… మొహం మాడ్చుకునే ఉన్నాడు. ఫోన్ పెట్టెయ్యకండి, మీకు దండం పెడతాను. నాకు ఒక్కదానికీ ధైర్యం చాలట్లేదు.

…వచ్చింది. తలుపు కేసి చూస్తోందండి. రెక్క మీద చెయ్యేసింది. మీ తలుపు నిమురుతోంది, మెడ తిప్పి మళ్ళీ నిమురుతోంది. పాతదే అనుకుంటోందేమో. రిబ్బను చూసింది. ఇదేంటని అడుగుతోంది. నాదియా మేడం నోరు తెరిచేలోపే కర్రతో ఎత్తేసి…

దాటేసిందండి. ఎప్పట్లాగే. గడప తొక్కలేదు.

నాదియా మేడం చెప్తోంది. అరబీలో, గబగబా. కొంచెం కొంచెం తెలుస్తోంది నాకు. హింద్ అంటోంది, అంటే మన దేశం. నజ్జార్ అంటోంది, అంటే వడ్రంగి, అది మీరేనండి. కింద ముడుందని చెప్పింది. కొడుకు తల కొట్టుకుంటున్నాడు.

…పెద్దావిడ గడప కేసి తిరిగింది. గోడ పట్టుకుంది. …లేదు లేదు, కంగారుపడకండి. కుర్చీ వేసేను, కూర్చుంది. కిందకే చూస్తోంది.

…

ఇప్పుడు చెప్తోందండి. ఆగండి, వినేదాకా ఆగండి.

…

అన్నయ్యా. పెళ్ళై ఈ ఇంటికొచ్చినరోజు వాళ్ళ అత్తగారు చెప్పిందంట. గడప తొక్కకమ్మా, ఇది పెట్టిన హింద్ మేస్త్రి తొక్కొద్దని చెప్పి వెళ్ళేడు అని. ఎందుకని అడిగితే ఆ అత్తగారికీ తెలీదంట, ఆవిడకీ వాళ్ళ అత్తగారే చెప్పిందంట. పిల్లలకి చెప్పింది, నాకు చెప్పింది. ఎందుకో ఒక్కరికీ తెలీదు. తెలీకుండానే ఇంతకాలం కాలు ఎత్తి దాటుకుంటూ వచ్చేరండి, ఎవరో ముక్కూ మొహం తెలీని పనివాడి మాట కోసం.

నాకు ఏడుపొస్తోందండి. …మీకూనా. ఏడవండి, పర్లేదు, మీ మిషన్ ఎలాగూ ఆపేసే ఉంది.

…ఆ, ఉన్నాను. నాదియా మేడం అడిగిందండి, గడప ఎత్తమంటారా అని. మెల్లిగానే అడిగింది.

వద్దందండి పెద్దావిడ. లోపలున్నది లోపలే ఉండనీ, నేను బతికున్నంతకాలం ఎవరూ ముట్టుకోవద్దు, నా ఇల్లు అంది. నాదియా మేడం తల ఊపింది. ఉన్నచోటే ఉందని రాసుకుంటానంది. అంతే, ఇంక వాదించలేదు.

…పసుపు గురించా? వస్తున్నా, వస్తున్నా. పసుపు చూసింది. కర్రతో చూపించి నాతో అందండి, శ్రీలక్ష్మీ, ఇది కడిగెయ్, ఇది నమాజు చేసుకునే ఇల్లు. …కోపం ఏం లేదండి గొంతులో. మీ పేరు కూడా అడిగింది. కడిగెయ్ అంది, అంతే. న్యాయమే కదండీ, ఆవిడ ఇల్లు. నేను బకెట్టు, బ్రష్షు, సర్ఫు తెచ్చేను కూడా.

నాదియా మేడం నా చెయ్యి పట్టేసుకుందండి. పాత చెక్కకి సర్ఫు తగలకూడదంట, బ్రష్షు పెట్టి తోమకూడదంట. రూలంట.

అవునండి, ఆవిడ రూలే. ఉన్నది ఉన్నట్టు. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. మరేం చెయ్యాలి అంది పెద్దావిడ. తలుపు తీసిపెట్టి రోజూ కాస్త ఎండ తగలనిస్తే పసుపు దానంతటదే పోద్దని నేను చెప్పేను. నిజమే కదా, ఎన్ని చీరలకి చూళ్ళేదు మనం. సరే, ఎండని రానీ అంది పెద్దావిడ. అని నవ్విందండి. పళ్ళు లేని నవ్వు. ఎన్నాళ్ళైందో నేను ఆ నవ్వు చూసి.

ఆగండాగండి, కొడుకు సంచి పట్టుకుని లోపలికొస్తున్నాడు. ఫోనులో ఏదో చూసుకుంటూ… అయ్యయ్యో, తొక్కేసేడండి గడప.

పిక్క మీద పడింది కర్ర. …గట్టిగానే. వెనక్కెళ్ళి, మళ్ళీ కాలెత్తి దాటి రమ్మంటోంది. వెళ్తున్నాడండి, పాపం, గడ్డం నెరిసిన మనిషి. దాటేడు. ఆయనా నవ్వేసేడు. సంచి తీసుకెళ్ళి ఆవిడ గదిలోనే పెడుతున్నాడండి. గదిలోనే.

…పెట్టిందండి నాదియా మేడం, సంతకం. ట్యాబు మీద వేలితో పెట్టింది. నేను కళ్ళారా చూసేను.

మీ మాటా? వస్తున్నా ఆ మాటకే. మీ కంపెనీకి ఈ పసుపు గొడవ చెప్పనంది. పక్క సందులో ఇంకో ఇంటి తలుపుందంట, అది దేవయ్యే చెయ్యాలని అడుగుతానంది. ఒకటే కండిషనంట. ఈసారి గడప కింద ఏది కనపడినా, ముందు ఆవిడకి ఫోన్ చెయ్యాలంట. పసుపు డబ్బా పట్టుకోకముందే.

…సంతోషమేనండి. మీ నవ్వు ఇక్కడికి వినపడుతోంది.

నా డబ్బా మాటేంటి మరి? …మెట్‌పల్లి పసుపా. ఎవరో వస్తే తెప్పిస్తారా. తెప్పించండి, తెప్పించండి. మీ పసుపు చేల సంగతేంటో చూద్దాం. పెద్దావిడకి చేపల కూర అందులోనే వండుతాను. బాగోకపోతే మొహం మీదే చెప్పేస్తాను.

ఏంటమ్మా?… ఆ, వస్తున్నా.

అన్నయ్యా, ఇంకొక్క నిమిషం కట్ చెయ్యకండి. పెద్దావిడ కిటికీ దగ్గర కూర్చుందండి. రెక్కలు తీయించింది. గాలి కొడుతోంది, తలుపు వెయ్యమంటోంది. మీరు నిన్న తలుపు వేసి చూసే టైముకి మీ కంపెనీ వేను వచ్చేసిందని, సరిగా వినలేదని అన్నారు కదా. ఇప్పుడు వినండి. ఫోన్ ద్వారబంధానికి దగ్గరగా పెడుతున్నాను.

…

విన్నారా?

…అంతేనండి. తలుపు బిగుతుగా పడింది. ఇంత కూడా సందు లేదు.

…ఆ, లోపలే ఉందండి. ఆవిడ లోపలే ఉంది. ఉంటాను మరి, ఆవిడకి కావా కాఫీ పెట్టాలి.